మోకాలికీ జీడీపీకీ ముడి

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నావని మనవాళ్లు ఎగతాళి చేస్తారు. ఆ మాట పుట్టించిన మహానుభావుడికి ఆర్థికశాస్త్రం వచ్చి ఉండదు. నాకు బోడిగుండూ ఉంది, మోకాలూ ఉంది. ఆ రెంటికీ నడుమ ఉన్న ముడి పేరు జీడీపీ అని గత నెలలోనే, అరవై మూడో ఏట, తెలుసుకున్నాను.

తెలిసిన చోటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్. విశాఖలో కార్పొరేట్ ఆసుపత్రులకు కొదవా? ఏదో ఒకటి అనుకోండి. ఎడమ మోకాలి కీలు మార్చారు. పొద్దున పదింటికి "డిశ్చార్జి అండీ, రెడీ అయిపోండి" అన్నారు. అయ్యాను. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి కంపెనీ ఇన్సూరెన్సు నుంచి అప్రూవల్ వచ్చేసరికి రాత్రి ఎనిమిదైంది. ఆ పది గంటలూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చక్రాల కుర్చీలో, ఏడు పేజీల బిల్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా ఉద్యోగం ఆర్డరు కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

నాలుగో పేజీలో "డైటీషియన్ కన్సల్టేషన్, 700" అని ఉంది. ఆ అమ్మాయి నాకు బాగా గుర్తు. గుమ్మం దగ్గరే నిలబడి "సార్, షుగర్ ఉందా?" అంది. లేదమ్మా అన్నాను. "ఓకే సార్" అని వెళ్లిపోయింది. మొత్తం ఐదు మాటలు. మాటకి 140 రూపాయలు. ముప్పై ఐదేళ్ల కాపురంలో నా మాటకి అంత విలువ ఒక్కరోజూ రాలేదు. ఆ కింద గ్లోవ్స్ 46 జతలు. నా విషయంలో ఇంతమంది చేతులు కడిగేసుకున్నారా అని కాసేపు దిగులు పడ్డాను కూడా. మొత్తం 2,86,400 రూపాయలు. కో-పే అనీ, నాన్‌మెడికల్ అనీ కోసేసి ఇన్సూరెన్సు వాళ్లు 2,11,000 ఇచ్చారు. తక్కిన 75,400 నా జేబులోంచి.

ఒళ్లు మండింది. సరిగ్గా అప్పుడే మా బావమరిది వచ్చాడు. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాడు. చేతిలో నాలుగు బత్తాయిలు, నోట్లో నలభై సిద్ధాంతాలు.

"బావా, మీరు దీన్ని ఖర్చు అనుకుంటున్నారు. దేశం మాత్రం ఉత్పత్తి అనుకుంటుంది."

"నేనేం ఉత్పత్తి చేశానురా?"

"మీరు కాదు, మీ మోకాలు."

ఆ తర్వాత గంటసేపు క్లాసు. దేశంలో ఏడాదిలో తయారైన తుది సరుకులు, సేవల విలువంతా కూడితే జీడీపీ. అందులో డాక్టరు ఫీజు ఉంటుంది, గది అద్దె ఉంటుంది, ఆ ఐదు మాటల 700 కూడా ఉంటుంది. నాకు నొప్పి తగ్గిందా లేదా అన్నది ఉండదు. ఒక్క మెలిక మాత్రం ఉందట. లోపల బిగించిన కీలు విదేశంలో తయారైనదైతే దాని ఖరీదు దిగుమతి కింద తీసేయాలి. అంటే నా ఎడమకాలు కొంత స్వదేశీ వృద్ధి, కొంత వాణిజ్య లోటు.

ఈ లెక్కలకు రూపం ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా కాంగ్రెసుకు నివేదిక ఇస్తూ, జాతీయాదాయాన్ని చూసి జనం బాగోగులు తేల్చకండని హెచ్చరించాడట. పనిముట్టు ఇచ్చినవాడి జాగ్రత్తలు మనం ఎప్పుడు విన్నాం గనక! గ్రైండరుతో వచ్చిన కాగితం ఎవరైనా చదివారా?

ఆ రాత్రి నుంచి నా దృష్టి మారిపోయింది. బిల్లుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సర్టిఫికెట్లు ఉండే బీరువా అరలో దాచాను. ఎవరైనా "ఎంతైందండీ?" అని జాలిగా అడిగితే, "దేశానికి 2,86,400 ఇచ్చుకున్నాం" అని వినయంగా చెబుతున్నాను.

అసలు ప్రపంచంలో ఈ విద్యలో ఆరితేరినవాళ్లు అమెరికావాళ్లు. వాళ్ల జీడీపీలో దాదాపు 17 శాతం వైద్యానికే. జపాను వాళ్లది 11 శాతం దగ్గర. బతకడం చూస్తే అమెరికావాడి సగటు ఆయుర్దాయం 78 ఏళ్లు, జపాను వాడిది 84. ఆరేళ్లు ఎక్కువ బతుకుతూ అంత తక్కువ ఖర్చు పెట్టడం జపానువాళ్ల పిసినారితనం కాక మరేమిటి? మనం ఇంకా వెనకబడే ఉన్నాం. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం అన్నీ కలిపి 3.8 శాతం. అందులో ప్రభుత్వాలు పెట్టింది జీడీపీలో 1.84 శాతం. 2025 కల్లా దీన్ని 2.5 శాతం చేస్తామని 2017 ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. రాసుకున్న కాగితం భద్రంగానే ఉంటుంది, నా బిల్లులాగే.

నన్ను కలవరపెట్టిన అంకె వేరే ఉంది. మొత్తం వైద్య ఖర్చులో జనం సొంత జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండేది. 2021-22కి 39.4కి పడిపోయింది. అందరూ దీన్ని శుభవార్త అంటున్నారు. పౌరుడి చొరవ ఇలా సన్నగిల్లిపోతుంటే శుభవార్త ఎలా అవుతుందో నాకర్థం కాలేదు. నా వంతుగా 75,400 పెట్టి ఆ పతనాన్ని కొంత అడ్డుకున్నానన్నదే తృప్తి.

ఈ విషయంలో మన విశాఖకు ఉన్న ఏర్పాట్లు ఏ ఊరికీ లేవు. డాక్టర్లను తయారుచేయడానికి 1923 నుంచి ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది. పడుకోబెట్టడానికి సర్కారు పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది, హనుమంతవాక దగ్గర మరో సర్కారు ఆసుపత్రి విమ్స్ ఉంది, ఆరిలోవలో ఏకంగా హెల్త్ సిటీయే ఉంది. మాత్రలకు పరవాడ ఫార్మా సిటీ, యంత్రాలకు పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్. అన్నీ ఉన్నాయి, ముడిసరుకుకే ఇబ్బంది. ముడిసరుకు అంటే రోగి.

ఆ ఇబ్బంది ఎక్కడినుంచి వస్తోందో చూడాలంటే తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి వెళ్లండి. బండ్లు ఆపేసి మరీ రోడ్డంతా నడిచేవాళ్లకు వదిలేస్తారు. ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర్నుంచి వేల మంది చేతులూపుకుంటూ, పైసా ఖర్చు లేకుండా, పట్టపగలు కూడా కాకముందే బీపీ తగ్గించేసుకుంటూ ఉంటారు. దారిలో చోడంబలి గ్లాసు తాగుతారు. దానివల్ల జీడీపీకి ఒరిగేది ఇరవయ్యో ముప్పయ్యో. మా అపార్టుమెంటులో పై ఫ్లోరాయన డెబ్బై రెండేళ్లకి ఒక్క మాత్ర వేసుకోడు. చూడ్డానికి పెద్దమనిషే, లిఫ్టు కూడా వాడడు. ఇలాంటివాళ్లను ఆర్థిక నేరస్థుల కింద ఎందుకు చూడరో తెలియదు. దేవుడి దయవల్ల అదే రోడ్డు సాయంత్రానికి దారిలోకి వస్తుంది. ముంత మసాలా, టమాటా బజ్జీ, మళ్లీ మళ్లీ కాగిన నూనె. పొద్దున నష్టపోయినదాన్ని రాత్రి తొమ్మిదిలోపు రాబట్టేస్తుంది.

బావమరిది ఇక్కడ అడ్డుపడ్డాడు. రాబర్ట్ ఫోగెల్ అని 1993లో నోబెల్ తీసుకున్న ఆయన లెక్క వేరట. 1790 తర్వాత బ్రిటన్ సాధించిన తలసరి వృద్ధిలో సుమారు 30 శాతం కేవలం జనానికి తిండి మెరుగుపడటం వల్ల వచ్చిందని తేల్చాడట. కడుపునిండా తిన్న కూలివాడు ఎక్కువ గంటలు, ఎక్కువ బలంగా పని చేశాడు, అంతే. శుభ్రమైన నీళ్లు, టీకాలు, పప్పన్నం, ఇవి బిల్లులో పెద్దగా కనపడవు గానీ ఇరవై ఏళ్ల తర్వాత పనిచేసే చేతుల్లో కనపడతాయి, అదే అసలైన వృద్ధి అంటాడు మా బావమరిది. ఇరవై ఏళ్లా? ఎన్నికలు ఐదేళ్లకోసారి, జీడీపీ అంకెలు మూడు నెలలకోసారి. పప్పన్నం కోసం ఇరవై ఏళ్లు ఎవడు ఆగుతాడు?

ఇక మా నాయనమ్మ సంగతి. ఆవిడ వృద్ధికి చేసిన ద్రోహం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. భీమిలి దగ్గర పల్లెలో తొమ్మిదిమందిని కంది, ఆరుగురు దక్కారు. తొమ్మిది పురుళ్లూ ఇంట్లోనే. మంత్రసానికి కుంచెడు బియ్యం, చీర. వాంతులకు వాము, దగ్గుకు కరక్కాయ, జ్వరానికి లంఖణం. దక్కని ముగ్గురికీ ఏం రోగమో చెప్పేవాడు కూడా లేడు, ఆ మాట ఆవిడ ఎప్పుడూ ఎత్తేది కాదు. ఇప్పుడైతే రాష్ట్రంలో, 2019-21 సర్వే ప్రకారం, నూటికి 42 కాన్పులు ఆపరేషనే. ఒక్క కాన్పుతో మనం ఇచ్చేంత నాయనమ్మ తొమ్మిదింటితోనూ ఇవ్వలేకపోయింది.

తొమ్మిది నుంచి మా నాన్న నాలుగుకి దిగారు. నేను రెండుకి. మా అబ్బాయి డాలస్‌లో ఒక కుక్కపిల్ల దగ్గర ఆగాడు. ఇదేమీ మా ఇంటి గొడవ కాదు. 1992-93లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు, 2019-21కి మన రాష్ట్రంలో 1.7. ఉన్న జనాభా ఉన్నట్టు ఉండాలంటే 2.1 కావాలి. పిల్లలు తగ్గితే మొదట్లో బ్రహ్మాండంగా ఉంటుంది. తినే నోళ్లు తక్కువ, సంపాదించే చేతులు ఎక్కువ, మిగిలింది బ్యాంకులో. తూర్పు ఆసియా దేశాలు ఎదిగిన తీరులో దీనికి పెద్ద వాటా ఉందంటారు, డెమోగ్రాఫిక్ డివిడెండ్ అని పేరు కూడా పెట్టారు. తర్వాత ఆ చేతులన్నీ ఒకేసారి ముసలివవుతాయి. దక్షిణ కొరియాలో 2023కి సగటు 0.72. అంటే ఇద్దరు కలిసి ముప్పాతిక మనిషిని కూడా కనడంలేదు.

రెండు దగ్గర ఆగమని నాకు చెప్పింది ప్రభుత్వమే. 1952లో ప్రపంచంలో అందరికంటే ముందు కుటుంబ నియంత్రణను అధికార కార్యక్రమం చేసింది మనమేనాయె. గోడకు ఎర్ర త్రికోణం, "మేమిద్దరం మాకిద్దరు". చెప్పి ఊరుకోలేదు, ఆపరేషన్ చేయించుకున్న ఉద్యోగికి ఇంక్రిమెంటు ఇచ్చింది. నా సర్వీసు రిజిస్టరులో ఆ ఇంక్రిమెంటు ఎంట్రీ ఉంది. పుట్టని మూడోవాడు రిటైరయ్యేదాకా నెలనెలా నాకు డబ్బు పంపాడన్నమాట. పుట్టిన ఇద్దరూ పంపినదానికంటే అదే నిలకడగా వచ్చింది.

1994లో చట్టం చేశారు, ఇద్దరికి మించితే పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదని. మాకు తెలిసిన ఒకాయన సర్పంచి పదవి కోసం మూడో పిల్లాడిని బావమరిది రేషన్ కార్డులో ఎక్కించాడు. ఆ పిల్లాడు పదేళ్లు తండ్రిని "మావయ్యా" అని పిలిచాడు. ముప్పై ఏళ్లు గడిచాక, 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. వెనకటి హయాంలో చిన్న కుటుంబం చాలన్న చంద్రబాబు నాయుడుగారే ఇప్పుడు పిల్లల్ని కనండి అంటున్నారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడుగారు మూడో సంతానం ఆడపిల్లైతే 50,000 రూపాయలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు. దీని వెనక లోక్‌సభ సీట్ల లెక్క కూడా ఉంది లెండి. జనాభా తగ్గించుకున్న పాపానికి దక్షిణాదికి సీట్లలో వాటా తగ్గుతుందన్న భయం. నా టెన్షన్ వేరు. ఆ ఇంక్రిమెంటు వడ్డీతో సహా వెనక్కి కట్టమంటే?

ఆవు దగ్గర మా బావమరిది చెప్పిన మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఇంట్లో ఆవుని పెంచి, పాలు పితికి, అమ్మకుండా ఇంట్లోనే తాగినా ఆ పాలకు ధర కట్టి జీడీపీలో కలుపుతారట. ఆ పాలు కాచి, చల్లార్చి, మీగడ తీసి, ఏడుస్తున్న పిల్లాడికి పట్టిన తల్లి పనికి మాత్రం సున్నా. ఆవు లెక్కలో ఉంది, అమ్మ లేదు. మన ప్రభుత్వమే 2019లో చేయించిన సర్వేలో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు పడుతోందని తేలింది. చేసే మగవాళ్లకు 97. ఈ నిమిషాలకు రేటు కట్టరు. సొంత మనిషి చేస్తే సున్నా, పరాయి మనిషి చేస్తే ఉత్పత్తి. పిగూ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త వందేళ్ల కిందటే ఇది పట్టుకున్నాడు: వంటమనిషిని పెళ్లాడినవాడు జాతీయాదాయాన్ని తగ్గించినట్టే.

కుటుంబం చిన్నదైతే దేశం ఎందుకు పెద్దదవుతుందో నాకు అప్పుడు వెలిగింది.

ఆసుపత్రికి నన్ను తీసుకెళ్లిన ఆటో అబ్బాయిని చూడండి. గాజువాక మనిషి. "ఏటి బాబూ, మోకాలా? మా అమ్మకీ సేయించినాం, కేజీహెచ్‌లో. మాం ఆరుగురం కదా, వొంతులేసుకున్నాం. పగలు అప్ప, రేత్రి నాను, కేరేజీ మా తమ్ముడు. అయిపోనాది." ఆరుగురు, పదిహేను రోజులు, రాత్రీ పగలూ కాపలా. జీడీపీకి వచ్చినదేమిటయ్యా అంటే టీలు, ఇడ్లీలు, బస్సు టికెట్లు.

మా ఇంట్లో అలాంటి దుబారా లేదు. అబ్బాయి వీడియో కాల్‌లో "డాడీ, టేక్ కేర్" అన్నాడు. అమ్మాయి మూడు రోజులు సెలవు పెట్టి వచ్చి, నాలుగో రోజు ఏజెన్సీకి ఫోన్ చేసి నెలకు 24,000కి అటెండెంటును మాట్లాడి వెళ్లింది. నాకు నలుగురు కొడుకులుంటే ఈ 24,000 గాల్లో కలిసిపోయేది. పిల్లల్ని కనమనేవాళ్లు ఇది ఆలోచించారా? నా మాట వింటే పిల్లల్ని కననక్కర్లేదు, మార్చుకుంటే చాలు. మీ అబ్బాయి మా ఇంటికొచ్చి నాకు మాత్రలు ఇస్తాడు, మా అబ్బాయి మీ ఇంటికొచ్చి మీకు ఇస్తాడు. నేను మీవాడికి 24,000, మీరు మావాడికి 24,000. రెండిళ్లలో రూపాయి తరగదు, దేశానికి నెలకు 48,000 పెరుగుతుంది. సొంత తల్లికి అన్నం పెట్టడం లాంటి అనుత్పాదక చర్యల్ని ఈ పద్ధతిలో పూర్తిగా అరికట్టవచ్చు.

వచ్చిన అటెండెంటు నర్సీపట్నం వైపు అమ్మాయి. ఇరవై ఆరేళ్లుంటాయి. చేతిలో 15,000 పడుతుందని చెప్పింది, తక్కినది ఏజెన్సీది. మొదటి రోజు నా బీపీ చూసి, వాకర్ పట్టించి, పదిహేను అడుగులు లెక్కపెట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం వసారాలో ఫోన్‌లో మాట్లాడుతోంది. "అన్నం తిన్నాదా? ఒళ్లు ఇంకా కాల్తన్నాదా? తడిగుడ్డ ఎయ్యి." లోపలికి వచ్చాక అడిగాను.

"ఎవరికమ్మా?"

"మా అమ్మకండీ. మూడ్రోజుల్నించి జొరం."

"మరి ఎవరు చూస్తున్నారు?"

"మా సెల్లి ఉన్నాదండీ. ఇంటర్ సదవతంది. మానీసి ఉండిపోనాది."

"దానికెంత ఇస్తావు?"

నవ్వేసింది. అడక్కూడనిది అడిగినట్టు కాదు, అర్థంకానిది అడిగినట్టు. నవ్వి, "మందేసుకోండి, టైమైపోనాది" అని మాత్ర చేతిలో పెట్టింది. నా మాత్ర అందించినందుకు లెక్కలో పడింది. అక్కడ తడిగుడ్డ పిండుతున్నదానికి లేదు. ఈ తేడా ఆ అమ్మాయికి వివరించి, తన వల్ల దేశం ఎలా ఎదుగుతోందో చెప్పాను. ఓపిగ్గా వింది. "అయితే రెండ్రోజులు లీవు ఇప్పించండి బాబూ, ఓపాలి ఎల్లొస్తాను" అంది.

మా ఆవిడ ఏజెన్సీకి చెప్పకుండా పంపేసింది. ఆ రెండు రోజులూ బీపీ చూడటం, వాకర్ పట్టించడం తనే చేసింది. అడుగులు లెక్కపెట్టలేదు, పదిహేనుకి బదులు వంటింటిదాకా నడిపించేసింది. జీడీపీకి 1,600 నష్టం. ఎవరికీ చెప్పొద్దని బావమరిదిని బతిమాలుకున్నాను.

ఇప్పుడు కుడి మోకాలు మొదలైంది. వచ్చే వారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఈ త్రైమాసికంలోనే పూర్తిచేద్దామని. ఈ రాత్రికి మాత్రం మా ఆవిడ గిన్నెలో ఆముదం వేడిచేస్తోంది. తలుపు గడియ పెట్టేశాను. వాసన పై ఫ్లోరాయనకి వెళ్తుందేమోనని కిటికీ కూడా వేయమన్నాను.